ఎకరానికి అరవై చెట్లు

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నా పేరున రిజిస్టరు పోస్టు రావడం అదే మొదటిసారి. ఫిబ్రవరి నెల. మావారు చెరువుల్లో రొయ్యపిల్లను వదిలి సరిగ్గా నాలుగు రోజులైంది. పోస్ట్‌మేన్ లోవరాజు గుమ్మం ముందు బండి ఆపి, కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఝాన్సీగారంటే తమరేనాండి?" అని అడిగాడు. ఎనిమిదేళ్ళుగా మా వీధికి ఉత్తరాలు తెస్తున్న మనిషి. అతని లెక్కలో నేను జాషువాగారి భార్యని, షైనీ వాళ్ళమ్మని. నా పేరుతో అతనికి ఎన్నడూ పని పడలేదు.

కవరు మీద ఇన్‌కమ్ టాక్స్ అని ఉంది. గుమ్మంలో నిలబడే చదివాను. ఒక్క ఏడాదిలో నా బ్యాంకు ఖాతాలో ఎనభై ఒక్క లక్షల నలభై వేలు పడ్డాయట. దానికి నేను లెక్క చూపలేదట. ఇంతకుముందు మూడుసార్లు ఈమెయిల్లో అడిగినా జవాబివ్వలేదట. ఇదే ఆఖరి అవకాశమట.

ఆ ఖాతా నాదే. డబ్బు రొయ్యలది. ఆ ఖాతాతో నాకున్న సంబంధమల్లా చెక్కుబుక్కు వచ్చినప్పుడు కాగితాలన్నిటి మీదా సంతకాలు పెట్టి మావారికి ఇవ్వడం. ఈమెయిల్ ఎవరిదో కూడా నాకు తెలియదు. తరవాత తెలిసింది, అమలాపురంలో ఉన్న ఆడిటరుదని.

మా వైపు చెరువుల పద్ధతే అది. మావారు కువైట్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చి, భీమరాజుగారి దగ్గర ఆరెకరాల్లో రెండు చెరువులు లీజుకు తీసుకున్నారు. ముమ్మిడివరం నుంచి ఏటిగట్టు దాకా ఉన్న చెరువుల్లో సగం భీమరాజుగారివే. లీజు కాగితం, బ్యాంకు ఖాతా ఇంట్లో ఆడవాళ్ళ పేరున పెట్టమని ఆయనే అందరికీ చెప్పేవారు. ఆడవాళ్ళ పేరున ఉంటే ఆఫీసుల వాళ్ళు పట్టించుకోరని ఆయన నమ్మకం. ఆయన దగ్గర లీజుకున్న పది ఇళ్ళలోనూ, ఆయన ఇంట్లోనూ అదే ఏర్పాటు. మొత్తం పదకొండు మంది ఆడవాళ్ళం, లక్షలు గడించిన వాళ్ళం.

మేముంటున్న ఇల్లు కూడా నా పేరునే ఉంది. అది మాత్రం నిజంగా నాది. మా నాన్న ముక్తేశ్వరంలో తోట అమ్మి ఇచ్చిన డబ్బుతో కట్టింది. ఉత్తరం చివర, పన్ను తేలిన తరవాత కట్టకపోతే ఆస్తి జప్తు చేస్తామని రాసిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళ కింద గుమ్మం చల్లగా తగిలింది.

మావారు మధ్యాహ్నం చెరువు నుంచి వచ్చాక కాళ్ళు కడుక్కుంటూ విన్నారు. నేను రెండుసార్లు చదివాను.

"అక్కడ పెట్టు," అన్నారు.

"జవాబివ్వాలేమోనండి."

"ఏమని ఇస్తాం? సేద్యానికి పన్ను లేదు కదా."

"రొయ్యలు సేద్యం కిందికి రావంట. వ్యాపారమంట. అందులో రాసేరు."

ఆయన చెంబు కింద పెట్టారు. గొంతు పెంచే మనిషి కారు. అప్పుడూ పెంచలేదు.

"మా నాన్న ఆ మళ్ళో కూలికి దున్నేడు. మా అమ్మ వరి ఊడ్చింది. కావాలంటే లోపలుంది, అడుగు. అదే మడి ఝాన్సీ, అదే మట్టి. వాళ్ళు దిగితే సేద్యం, నేను దిగితే వ్యాపారమా? రైతునని అనిపించుకోవడానికి తొమ్మిదేళ్ళు ఎడారిలో ఉన్నాను. కాదని రాసి సంతకం పెట్టమంటే మాత్రం పెట్టను."

సంతకం పెట్టాల్సింది నేను కదా అని నేననలేదు. అన్నం వడ్డించాను.

ఆ వారంలోనే మిగిలిన పది ఇళ్ళకీ ఉత్తరాలొచ్చాయి. తరవాతి శనివారం సాయంత్రం ఆ ఇళ్ళ మగవాళ్ళంతా మా వరండాలో కూడారు. భీమరాజుగారు వాడపల్లి వెళ్ళి, ఏడు శనివారాల మొక్కులో అయిదోది తీర్చుకుని అటునుంచి అటే వచ్చారు. నుదుట నామం, చేతిలో లడ్డూల పొట్లం. ఆయన ఇంట్లో కూడితే పదిమంది కళ్ళలో పడతామని మా ఇల్లు ఎంచుకున్నారట. పుష్పలత, నేను వంటింట్లో టీ పెడుతున్నాం. పుష్పలత సత్యంగారి భార్య. వెనక వీధిలో ఉంటారు. సత్యంగారికి మా చెరువుల పక్కన నాలుగెకరాలు లీజు. తనకు వచ్చిన ఉత్తరం నాచేత చదివించుకోవడానికి కొంగులో పెట్టుకుని వచ్చింది.

"అరవై నాలుగు లక్షలు," అన్నాను.

"నా ఎకౌంట్లోనా వదినా?" గ్లాసులు కడగడం ఆపి నవ్వింది. "మొన్న గ్యాసు బండకి డబ్బులడిగితే మా ఆయన గయ్యిన లేచేడు. నేనింత ఉన్నదాన్నని తెలిస్తే ఆయన్నే పనిలోంచి తీసేద్దును."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ వేసవిలో మేం కలిసి నవ్వుకోవడం అదే ఆఖరు.

వరండాలో ఎవరో, కట్టేస్తే పోతుందేమోనని అన్నారు. భీమరాజుగారు టీ తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టారు.

"పదకొండు ఇళ్ళూ ఒక్కమాట మీద ఉంటే వాళ్ళేం చెయ్యలేరండి. ఎవరన్నా ఒకరు కట్టేరనుకోండి, మిగిలిన పదిమందీ దొంగలైపోతారు. తమరే ఆలోచించుకోండి."

అందరూ ఆయ్ అన్నారు. మావారి గొంతు కూడా అందులో వినిపించింది.

మరో వారానికి ఒక ట్రాక్టరు నిండా కొబ్బరి మొక్కలు దిగాయి. చెరువు గట్ల మీద వరసగా నాటించి, ఒక్కో గట్టు దగ్గరా ఫొటోలు తీయించారు. భూమి కాగితాల్లో ఎటూ చెరువని ఉండదు, కొబ్బరి తోటని చూపిస్తే సరిపోతుందని ఆడిటరు సలహా. ఆ గట్లు ఉప్పు గట్లు. నెల తిరిగేసరికి మొక్కలు గోధుమరంగుకి తిరిగాయి. ఫొటోల్లో మాత్రం పచ్చగానే ఉన్నాయి.

ఏప్రిల్ రెండో వారానికి పంటకి అరవై అయిదు రోజులు. చెరువుల్లో రోజుకి పన్నెండు బస్తాల మేత పడుతోంది. రొయ్యకి పూట మేత తప్పితే ఒకదాన్నొకటి తింటాయి. మేత కొట్టు వీరన్నకి పోయిన పంట బాకీ కింద ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చిందని కబురొస్తే, సంతకం తేడా పడిందేమోనని నేనే ముమ్మిడివరం బ్యాంకుకి వెళ్ళాను.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటరు చూసి, మళ్ళీ నన్ను చూసి, నన్ను పక్కకు పిలిచింది. ఖాతా ఆపేశారని, ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ ఉత్తర్వు వచ్చిందని మెల్లగా చెప్పింది. డబ్బుంది, కానీ తీయడానికి లేదు. మేం జవాబివ్వలేదు కాబట్టి వాళ్ళే లెక్కగట్టి, జరిమానాతో కలిపి ముప్ఫై నాలుగు లక్షలు తేల్చారట. కూర్చోమని నాకు మంచినీళ్ళు ఇచ్చింది. చుట్టూ పింఛన్ల కోసం వచ్చిన వాళ్ళు నన్నే చూస్తున్నట్టనిపించింది.

అటునుంచి వీరన్న కొట్టుకి వెళ్ళాను. అతను లేచి నిలబడి కుర్చీ వేశాడు. ఏడేళ్ళుగా పంట చివర డబ్బు తీసుకునేలా మేత ఇస్తున్న మనిషి.

"తప్పుగా అనుకోకండమ్మగారూ. తమరి దగ్గర్నుంచి నాకెంత వచ్చిందో ఆ టాక్సు వాళ్ళు రాసుకుంటే, రేపు నా ఇంటికొస్తారటండి. ఒక పది రోజులకి ఇస్తాను. ఆపైన డబ్బులు కనబడాలండి."

ఆ రోజు నుంచి మా వీధిలో కారు చప్పుడైతే నేను చేస్తున్న పని వదిలేసేదాన్ని. కూర మాడిన రోజులున్నాయి. తెల్ల కారైతే కిటికీ పక్కకి తప్పుకుని, అది వీధి మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. ఒకరోజు ఇంటి కాగితాలు తీసి బియ్యం డబ్బాలో దాచాను. గంట తరవాత నాకే సిగ్గేసి తీశాను. కాగితం దాస్తే ఇల్లు దాగదని బీకాం చదివిన దానికి ఒకరు చెప్పాలా.

మా అత్తగారు దానమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడకి ఎనభై దాటాయి. "నన్ను కూడా తీసుకుపోతారేమిటే జైలుకి?" అని అడిగింది. మీ పేరున ఏమీ లేదు, మిమ్మల్నెందుకు తీసుకుపోతారన్నాను. "పోనీలే, అక్కడికి పింఛను తెచ్చిస్తారో లేదో," అంది. ఆవిడ నన్ను నవ్వించాలని చూసింది. నాకు నవ్వు రాలేదు.

మావారు చిక్కిపోయారు. చేబదుళ్ళు తెచ్చి, మేత సగానికి తగ్గించి నెట్టుకొస్తున్నారు. నిలబడే తినేవారు, అడిగిన దానికి తలతోనే జవాబు చెప్పేవారు. పన్ను గురించి ఎత్తితే లేచి చెరువుకి వెళ్ళిపోయేవారు. చెరువు మీద షెడ్డుల్లో ఏమేం పురుగుమందు డబ్బాలు ఉంటాయో నాకు తెలుసు. మా చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరం పైకి అనుకోం.

మే మొదటి వారంలో సమన్లు వచ్చాయి. నేను స్వయంగా రాజమండ్రి ఆఫీసుకి వెళ్ళి ప్రమాణం చేసి చెప్పాలట. పదకొండు మందిలో మొదట పిలిచింది నన్నే. నా ఖాతా ఆగిపోయాక, లెక్క మళ్ళీ చూడమని ఆడిటరు అందరి తరఫునా జవాబులు పంపారు. పదకొండు కాగితాల్లోనూ ఒకే మాట. డబ్బంతా కొబ్బరి తోట మీద వచ్చిందని. అంకెలు, పేర్లు మాత్రం మార్చారు.

నా కాగితం నకలు తెచ్చిచ్చినప్పుడు భీమరాజుగారికి ఒక మాట చెప్పకుండా ఉండలేకపోయాను. "ఆరెకరాల్లో ఎనభై లక్షల కొబ్బరి పండదండి," అన్నాను.

"ఆ సంగతి మనకి తెలుసమ్మా. వాళ్ళకేం తెలుసు," అన్నారాయన చల్లగా. "తమరేమీ చెప్పక్కర్లేదు. ఏదడిగినా, నాకు తెలీదండి, మావారే చూస్తారండి అనండి. చాలు. ఏదీ, ఒకసారి అనండి."

నా ఇంటి వరండాలో, నా భర్త ఎదురుగా, నేను ఆ మాట అన్నాను. భీమరాజుగారు మరోసారి అనమన్నారు. మరోసారి అన్నాను. మావారు వీధి వైపు చూస్తున్నారు.

బస్సులో రాజమండ్రి చేరేసరికి పదకొండయింది. మావారిని బయట వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. లోపల ఆఫీసరు ఒక అమ్మాయి. మా షైనీ కంటే ఆరేడేళ్ళు పెద్దదేమో. గట్టిగా అల్లిన జడ, చేతికి పెద్ద గడియారం. పక్కన టైపు చేయడానికి ఒక గుమాస్తా. ప్రమాణం చేయించారు.

ఖాతా ఎప్పుడు తెరిచారని అడిగింది. నాకు తెలీదండి, మావారే చూస్తారండి అన్నాను. ఈమెయిల్ ఎవరిదంటే అదే చెప్పాను. ఫలానా తారీకున పడిన తొమ్మిది లక్షలు ఎవరు వేశారంటే అదే చెప్పాను. గుమాస్తా ప్రతిసారీ అదే మాట టైపు చేశాడు. అయిదోసారి ఆ మాట అన్నప్పుడు, ఆ అమ్మాయి నన్ను కోపంగా చూడలేదు. కొంచెం జాలిగా చూసింది. అది కోపం కంటే ఎక్కువ తగిలింది.

తరవాత ఆడిటరు పంపిన కాగితం తీసి, పెన్ను పక్కన పెట్టింది.

"మాది అనంతపురం వైపు మేడమ్. శనక్కాయ సంగతైతే నాకు తెలుసు. కొబ్బరి సంగతి తెలీదు. మీరే చెప్పాల. ఎకరాకి ఎన్ని చెట్లు పెడతారు?"

నిజంగానే అడుగుతోంది. వల పన్నుతున్నట్టేమీ లేదు ఆ మొహంలో. నేను రెండొందలంటే రెండొందలు రాసుకునేది, మూడొందలంటే మూడొందలు. తెలీదంటే తెలీదనే రాసుకునేది.

ముక్తేశ్వరంలో మా నాన్న తోటలో రెండు నెలలకోసారి దింపు జరిగేది. చెట్టెక్కే మనుషులు గెలలు దించుతుంటే, కాయలు కుప్ప వేసి లెక్కపెట్టే పని నాది. ఏ చెట్టు ఎన్ని కాస్తుందో, ఏది ముసలిదైపోయిందో నోటికి చెప్పేదాన్ని. కోనసీమలో పుట్టి, ఎకరానికెన్ని చెట్లో నాకు తెలీదని ఎలా అనడం. అనడానికి నోరు తెరిచాను.

"అరవై," అన్నాను.

"అరవై?"

"అరవై, అరవై అయిదు. అంతకంటే దగ్గరగా పెడితే కాపు రాదండి."

"చెట్టుకి ఎన్ని కాయలు, ఏడాదికి?"

"బాగా కాస్తే వంద."

"కాయ ఎంతకి పోతుంది?"

"తోటలో ధర పన్నెండు. ఆ ఏడాది అంతకూ పోలేదు."

ఆ అమ్మాయి కాలిక్యులేటరు దగ్గరికి లాక్కుంది. ఆమె నొక్కుతుంటే నేను మనసులో ముందే చేసేశాను. ఆరు అరవైలు మూడొందల అరవై. వంద చొప్పున ముప్ఫై ఆరు వేల కాయలు. నాలుగు లక్షల ముప్ఫై రెండు వేలు. ఆమె ఆ అంకెను కాగితం అంచున రాసుకుంది. గొంతు పెంచలేదు.

"మిగతా డెబ్బై ఏడు లక్షల ఎనిమిది వేలు ఎక్కడివి మేడమ్?"

కిటికీలోంచి వరండా బల్ల కనిపిస్తోంది. మావారు రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు.

"రొయ్యలవండి," అన్నాను.

ఆ తరవాత అడిగినవన్నీ చెప్పాను. పిల్లకెంత, మేతకెంత, కరెంటుకెంత, లీజుకెంత. ఏడేళ్ళుగా మావారు ఇంట్లో ఫోన్లలో మాట్లాడుతుంటే విన్న చెవులు కదా, అంకెలు గుర్తున్నాయి. ఖర్చుల బిల్లులు తెస్తే, వేసిన పన్ను చాలావరకు తగ్గుతుందని ఆమె చెప్పింది. నాలుగు పేజీలు అచ్చు తీసి ఇచ్చారు. ప్రతి వాక్యం చదివాను. మా నాన్న పేరులో ఒక అక్షరం తప్పుంటే దిద్దించి సంతకం పెట్టాను.

రావులపాలెం దాటాక మావారు, ఏమడిగారన్నారు. కొబ్బరి గురించి అన్నాను. ఆయన నా మొహం వైపు చూసి మళ్ళీ అడగలేదు. చెరువుల మలుపు దగ్గర బస్సు ఆపించి ఒక్కరే దిగిపోయారు. దిగుతూ నా టిక్కెట్టు నా చేతిలో పెట్టారు.

మూడు రోజులు ఆయన ఇంటికి రాలేదు. రెండో రోజు పొద్దున్న పుష్పలత వచ్చింది. ఏడాదిగా మా ఇంటి నుంచి పట్టుకెళ్ళినవన్నీ సంచిలో తెచ్చింది. ఇడ్లీ పాత్ర, పెద్ద గరిటె, స్టీలు డబ్బా. అన్నీ తోమి, తుడిచి ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు.

"నువ్వు రొయ్యలని చెప్పేసేవని ఆడిటరు ఫోను చేసేడు. ఎల్లుండి నన్ను రమ్మన్నారు. మొన్నటిదాకా తెలీదని చెప్తే సరిపోయేది. ఇప్పుడు నేనలా అంటే ఎవరు నమ్ముతారు వదినా? నీ మట్టుకు నువ్వు చెప్పేసి వచ్చేసేవు."

ఆమె గేటు వేసి, గడియ కూడా సరిగ్గా పెట్టి వెళ్ళింది.

ఆ రోజూ, ఆ మర్నాడూ ఎన్నిసార్లు ఫోను చేసినా మావారు ఎత్తలేదు. మూడో రోజు మధ్యాహ్నం కేరేజీ కట్టుకుని ఆటోలో చెరువు దగ్గరికి వెళ్ళాను. ఎండ తెల్లగా కాస్తోంది. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి గానీ గట్ల మీద మనిషి కనబడలేదు. షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద తువ్వాలు, దాని మీద ఆయన ఫోను. ఫోను వదిలి ఆయన ఎక్కడికీ వెళ్ళరు. గోడకున్న చెక్క మీద మందు డబ్బాలు వరసగా ఉన్నాయి. లెక్కపెట్టాను. ఎన్ని ఉండాలో నాకు తెలియదు. అయినా లెక్కపెట్టాను. ఏడు.

"ఏవండీ," అని పిలిచాను. చెరువు చుట్టూ సగం దూరం వెళ్ళాక, అవతలి మూల నీళ్ళలోకి కట్టిన చెక్క వంతెన మీద ఆయన వంగి కనిపించారు. మేత తిన్నాయో లేదో చూసే పళ్ళేన్ని తాడుతో పైకి లాగి, రొయ్యని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకి చూస్తున్నారు. నేను కేరేజీ కింద పెట్టి అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

చేతులు కడుక్కుని వచ్చి నా పక్కనే కూర్చున్నారు. కేరేజీ విప్పి పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నాక అడిగారు.

"ఆఫీసరుకి భయపడి చెప్పేవా?"

"ఆవిడకి భయపడితే రెండొందల చెట్లని చెప్పేదాన్నండి."

ఆయన కలుపుతున్న చేయి ఆగింది. "మరి?"

"అడిగిందండి. ఆ ఖాతా గురించి నన్నొకరు అడగడం అదే మొదలు."

"నేనడగలేదు," అన్నారు. ప్రశ్నలాగ అనలేదు.

గట్టు చివర కారు ఆగింది. భీమరాజుగారు దిగారు, వెనక పుష్పలత భర్త సత్యంగారు. ఆయన నా వైపు చూడలేదు. నేలను చూస్తూ నిలబడ్డారు. అంతదాకా నడిచి వచ్చినందుకు భీమరాజుగారి మొహమంతా చెమట. అయినా ముందు కేరేజీ వైపు చూశారు.

"భోజనం చేస్తున్నట్టున్నారు. కానివ్వండి, కానివ్వండి." తరవాత నా వైపు తిరిగారు. "అమ్మా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మనం అనుకున్నది ఒకటి, తమరక్కడ చెప్పింది ఒకటి. పదకొండు ఇళ్ళ సంగతి ఇది. తమరినలా చెప్పమన్నది ఎవరండి?"

ఎవరూ చెప్పమనలేదని అనబోయాను.

"నేనేనండి," అన్నారు మావారు.

ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డారు.

"నేనే చెప్పమన్నాను. పన్ను కట్టేద్దామని నేనే అనుకున్నాను రాజుగారూ. ఆవిడకేం తెలుసండి. నేను చెప్పమంది చెప్పింది."

భీమరాజుగారు చెమట తుడుచుకుని ఆయన వైపు తిరిగారు. నేను తలెత్తలేదు.

"మీరా," అన్నారు.

"ఆయ్. నేనే."

"అయితే ఈ పంట అమ్ముకున్నాక చెరువులు ఖాళీ చేసెయ్యండి." అంతే. వెళ్ళిపోతూ, "వస్తానమ్మా," అని నాకు చెప్పి మరీ వెళ్ళారు.

మావారు కూర్చున్నారు. మిగిలిన అన్నం తినలేదు. నేను కేరేజీ సర్దాను.

నెలాఖరుకి రొయ్యలు పట్టారు. మేత చాలక రొయ్య చిన్నగా వచ్చింది, ధర తక్కువ పలికింది. నేను బిల్లులన్నీ వెతికి, తారీకుల వరసన పెట్టి, రాజమండ్రి మూడుసార్లు తిరిగాను. ముప్ఫై నాలుగు లక్షలు పదకొండు లక్షల చిల్లరకి దిగింది. పంట డబ్బు, నా మెడలోదీ చేతులవీ కలిపి కట్టాం. ఇల్లు మిగిలింది. పుష్పలత కూడా రొయ్యలనే చెప్పింది. మిగిలిన వాళ్ళూ ఒక్కొక్కరే చెప్పారు, కట్టారు. సత్యంగారి ట్రాక్టరు అమ్ముడుపోయింది. భీమరాజుగారు మాత్రం కట్టలేదు. కోర్టులో నడుస్తోందంటారు. మావారు ఇప్పుడు రాజోలు వైపు ఇంకొకరి చెరువులు చూస్తున్నారు, నెల జీతానికి.

ఊళ్ళో ఇవాళ్టికీ అందరూ జాషువా తన పెళ్ళాం చేత చెప్పించాడనే అనుకుంటున్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన్ని పలకరించని ఇళ్ళు నాలుగున్నాయి. నన్ను మాత్రం పాపం అన్నట్టు చూస్తారు. ఎదుటివాళ్ళు తారీకు తప్పు చెబితేనే ఊరుకోలేని మనిషిని నేను. ఈ ఒక్కటీ దిద్దలేదు. నలుగురిలో ఉన్నప్పుడు ఆ వేసవి ప్రస్తావన వస్తే మావారు చప్పున నా వైపు చూస్తారు. ఏమంటానోనని ఆయన భయం. నేను తల దించుకుని, ఎదుటివాళ్ళు చెబుతున్నది వింటున్నట్టు కూర్చుంటాను.